జిగురుడబ్బాగారి అప్పీలు

సోమవారం

లినక్స్ వాడుకదారుల సంఘం అధ్యక్షులవారికి నమస్కారాలు.

అయ్యా, మీ ఫోరంలో నా పేరు జిగురుడబ్బా. నిన్నటిదాకా ఉన్నాను, ఇప్పుడు లేను. ఇవాళ పొద్దున లోపలికి వెళ్ళబోతే "మీరు నిషేధించబడ్డారు. కారణం: సోమరితనం" అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ఆ మాట ఇంతవరకూ నన్నెవరూ అనలేదు. అదీ పక్కన నలుగురు చూస్తుండగా. తల కొట్టేసినట్టయింది.

నిషేధం తియ్యమని అడగాలంటే చేతిరాతతో ఉత్తరం రాసి తపాలా పెట్టెలో వెయ్యాలని మీ పద్నాలుగో నియమం. అందుకే ఇది రాస్తున్నాను. నేనడిగింది ఒక్కటే. పుస్తకం వీపు మీద అంటించే చీటీలు లినక్స్ కంప్యూటర్లో అచ్చు వేస్తుంటే అక్షరాల బదులు ఖాళీ గడులు పడుతున్నాయి. ఏం చెయ్యాలి?

దయ ఉంచగోరే,
జిగురుడబ్బా
విశ్వవిద్యాలయ గ్రంథాలయం, అడుగు అంతస్తు

తా.క. మీ మూడువందల పన్నెండు మందిలో నత్త అని పేరు పెట్టుకున్నాయన ఒక్కరే నాతో మనిషిలా మాట్లాడారు. "సిగ్గుపడకండి, ఇది అందరికీ వచ్చేదే, రేపు చూసి చెప్తాను" అన్నారు. ఆ రేపు రాకముందే మీరు గెంటేశారు. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి.


మంగళవారం

చిరంజీవి జిగురుడబ్బాకు అధ్యక్షుడు రాయునది.

పద్నాలుగో నియమం రాసింది నేనే. కాగితం, పెన్ను, ఓపిక మూడూ ఉన్న విద్యార్థి ఎవడూ ఉండడనే ధైర్యంతో రాశాను. జవాబు కూడా చేత్తోనే రాయాలని అందులోనే పెట్టాను కాబట్టి ఇప్పుడు వేళ్ళు నొప్పెడుతున్నాయి.

ఒకే ప్రశ్న పదకొండుసార్లు అడిగావు. మొదటి సంవత్సరం పిల్లలతో ఇదే చిక్కు, అన్నీ నమిలి నోట్లో పెట్టాలి. లినక్స్ ఎవరో అమ్మితే కొనుక్కునేది కాదు. నలుగురూ కలిసి రాసి నలుగురికీ ఊరికే ఇచ్చేది. ఊరికే ఇస్తున్నారు గదా అని ఊరికే అడిగితే ఎలా? నువ్వుండేది గ్రంథాలయంలోనే కాబట్టి మా సంఘం వేయించిన మార్గదర్శిని తీసి చదువు. కార్యవర్గం సమావేశమై నీ నిషేధాన్ని ఏకగ్రీవంగా ఖాయం చేసింది.

నాకు తీరిక లేదు. వచ్చే వారం బుధవారం విద్యార్థి వ్యవహారాల గుమాస్తా మా గదికి వస్తున్నాడు. ఇక్కడ చదివేవాళ్ళో పనిచేసేవాళ్ళో పదిమంది సభ్యులు ఆయన ఎదురుగా సంతకం పెట్టకపోతే సంఘం రద్దు, గదికి తాళం. మూడువందల పన్నెండు మంది ఉన్నవాళ్ళకి పదిమంది ఒక లెక్కా!

నీ మేలుకోరే,
అధ్యక్షుడు

తా.క. నత్త మరీ మెతక. నేను మందలిస్తాను.


గురువారం

అధ్యక్షులవారికి నమస్కారాలు.

చిరంజీవి అని దీవించినందుకు సంతోషం. నాకు యాభై మూడేళ్ళు. ఈ వయసులో ఆ దీవెన బాగా పనికొస్తుంది.

నేను గ్రంథాలయంలో బైండింగు విభాగానికి పెద్దని. ల్యాబుల్లో పక్కన పడేసిన కంప్యూటర్లకి లినక్స్ వేసి మా కిందకి పంపారు. పంపినవాళ్ళు నేర్పలేదు. గడుల చీటీలు అంటించిన పుస్తకాలు నాలుగువందలు పోగయ్యాయి. మీ మార్గదర్శిని చదివాను. నిజానికి దాన్ని కుట్టిందే నేను.

ఏకగ్రీవం అన్నారు. అంటే నత్తగారు కూడా చెయ్యెత్తారా? అది చదివాక అన్నం సహించలేదు.

ఇట్లు,
జిగురుడబ్బా

తా.క. ఒక తప్పు ఒప్పుకోవాలి. మీ మార్గదర్శినిలో నలభై ఒకటో పేజీ నుంచి అరవయ్యో పేజీ దాకా తలకిందులుగా కుట్టాను. అన్ని ప్రతుల్లోనూ. రెండేళ్ళయింది. ఎవరైనా వచ్చి నిలదీస్తారని రోజూ గుమ్మం వైపు చూసేదాన్ని. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు.


శుక్రవారం

గౌరవనీయులైన జిగురుడబ్బాగారికి నమస్కరించి రాయునది.

మీ వయసు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. మా అమ్మకంటే పెద్దవారిని పట్టుకుని "అన్నీ నమిలి నోట్లో పెట్టాలి" అని రాశాను. దయచేసి ఆ కాగితం చింపెయ్యండి.

నత్త చెయ్యెత్తలేదండీ. ఆ రోజు సమావేశానికే రాలేదు. జ్వరం. వచ్చుంటే మీవైపే మాట్లాడేవాడు. తీర్మానం మార్చాలంటే ఏడురోజులు ఆగాలని ఇంకో నియమం ఉంది. అదీ నేనే రాశాను.

తలవంచుకుని,
అధ్యక్షుడు

తా.క. మార్గదర్శిని తీసి చూశాను. మీరన్నది నిజమే. ఆ ఇరవై పేజీలూ రాసింది నేను.


శనివారం

అధ్యక్షులవారికి,

జ్వరమా! ఎన్నాళ్ళ నుంచి? ఏ గదిలో ఉంటారు? ఎవరు చూసుకుంటున్నారు? ఇక్కడ అందరికీ ఒకటే కంగారు. మాలో ఒకామె తోడికోడలు విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో నర్సు. ఆమెని కనుక్కోమన్నాం. ఈ వారం విద్యార్థులెవరూ జ్వరమని రాలేదట. అంటే ఆయన ఎవరికీ చెప్పుకోకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నారన్నమాట. అలాంటి మనుషులే అలా చేస్తారు.

బుధవారం సభ్యులందరూ వస్తారు గదా. నేనూ వచ్చి ఆయన్ని కళ్ళారా చూసి వెళ్తాను. నిషేధం ఉంటే గుమ్మం బయటే నిలబడతాను.

ఆదుర్దాతో,
జిగురుడబ్బా

తా.క. ఆయన కోసం ఒక నోటుపుస్తకం కుట్టాం. అట్ట మీద "నత్తగారికి" అని బంగారు రంగుతో అచ్చు. చేత్తో అద్దాం కాబట్టి గడులు పడలేదు.


సోమవారం

అమ్మా,

మీరు రావద్దు. నత్త లేడు. జ్వరమూ లేదు. నత్త నేనే.

ఫోరంలో పిడుగు నేనే. ఉల్లిపాయ నేనే. మూడువందల పన్నెండు మందిలో మూడువందల పదకొండుమంది నేనే. మిగిలింది మీరొక్కరు. మిమ్మల్ని గెంటేశాను.

నేను అధ్యక్షుణ్ణయిన ఏడాది తొమ్మిదిమంది ఉండేవాళ్ళు. ఎవరేం అడిగినా పుస్తకం చూడమనేవాణ్ణి. ఒక్కొక్కరే పేరు తీసేసుకుని వెళ్ళిపోయారు. ఫోరం బోసిగా ఉంటే పరువు తక్కువనిపించి, వేరే పేరుతో నేనే ఒక ప్రశ్న అడిగి నేనే జవాబు చెప్పాను. బాగుందనిపించింది. అలవాటైపోయింది. పిడుగూ ఉల్లిపాయా రెండువారాలు దెబ్బలాడుకున్నారు, మధ్యవర్తిగా వెళ్ళి ఇద్దరిచేతా మాటలు పడ్డాను. ఇక కార్యవర్గం అంటారా, ఒక్క కుర్చీలో కూర్చుంది. ఏకగ్రీవం కాక ఏమవుతుంది!

మెత్తగా మాట్లాడితే అధ్యక్షుడి విలువ పోతుందనుకున్నాను. అందుకే మంచిమాటలన్నీ నత్త పేరు మీద రాశాను. మీరు వాడికోసం అన్నం మానేశారు. నాకోసం మూడేళ్ళలో ఎవరూ టీ కూడా మానలేదు. ఇది రాస్తుంటే మీ ముఖం ఎలా చూడాలో తెలియట్లేదు.

నిషేధం ఎత్తేశాను, ఏ నియమమూ చూడకుండా. బుధవారం గుమాస్తాకి తాళంచెవి ఇచ్చేస్తాను. నా దగ్గరున్నది ఒక్క సంతకం.

క్షమించమని అడిగే మొహం లేని,
అధ్యక్షుడు

తా.క. మీ కంప్యూటర్లో ఆ చీటీలకి కావలసిన అక్షరాల ఫాంటు లేదు, అందుకే గడులు. ఎలా వెయ్యాలో వెనకవైపు రాశాను. మొత్తం రెండు లైన్లు. మిమ్మల్ని తిట్టడానికి రెండు పేజీలు రాశాను.


మంగళవారం

నాయనా,

నీ ఉత్తరం బల్ల మీద నిలబడి పైకి చదివాను. మాలో కొత్తగా చేరిన అమ్మాయి నత్త లేడని తెలిసి ఏడ్చింది. మిగతావాళ్ళం ముందు నిన్ను బాగా తిట్టాం. తరవాత ఆ ఒక్క కుర్చీ కార్యవర్గం గుర్తొచ్చి, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం.

ఇప్పుడు నా వంతు. నేనూ నీతో నిజం చెప్పలేదు. ఆ ప్రశ్న పదకొండుసార్లు అడిగింది నేను కాదు. ఈ గదిలో మేం పదకొండుమందిమి, పదకొండు కంప్యూటర్లు. ఇంటర్నెట్ తీగ నా బల్ల దగ్గర ఒక్కదానికే ఉంది. మీ సంఘంలో చేరాలంటే ముప్పై రెండు ప్రశ్నల పత్రం నింపాలి గదా, దాన్ని చూసి అందరూ జడిశారు. తప్పు రాస్తే లోకమంతా నవ్వుతుందని ఎవరూ తమ పేరు పెట్టలేదు. సరే, నా పేరుతోనే అడగండే అన్నాను. ఒకరి తరవాత ఒకరు వచ్చి ఎవరి గడుల గురించి వాళ్ళడిగారు. సోమరితనం అన్న ఆ ఎర్ర అక్షరాలు పదకొండుమందికీ తగిలాయి.

నీ రెండు లైన్లూ అందరం వేసుకున్నాం. అక్షరాలు పడుతున్నాయి.

గుమాస్తా వచ్చేది భోజనాల వేళకి ముందా తరవాతా అన్నది రాయలేదు. అందుకని పొద్దున్నే వచ్చేస్తాం, పదకొండుమందిమీ. ఆ ముప్పై రెండు ప్రశ్నలూ అడక్కుండా అందరినీ సభ్యులుగా రాసుకో. కుర్చీలు చాలవు, మావి మేం తెచ్చుకుంటాం. నువ్వు మాత్రం గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ పేరుపేరునా నమస్కారం పెట్టాలి. అధ్యక్షుడిగానే పెట్టాలి.

రేపు వచ్చే,
బైండింగు విభాగం పెద్దక్క

తా.క. సంతకాలకి మేం చాలినంతమందిమి ఉన్నాం. నువ్వు కూడా పెట్టు. ఒకటే పెట్టు. నత్త కోసం ఏడ్చిన మా అమ్మాయి పక్కనే నిలబడి చూస్తుంది.