రాతిలో అలలు

ఆదివారం, రాత్రి

మా పాప గౌరికి గైడు ఉద్యోగం ఖాయమైపోయింది! ఈ పొద్దు గండికోట లోయలో, పడవలో వచ్చినోళ్లకు రాళ్ల పాఠం చెప్పడమే పరీక్ష. నన్నూ ఎక్కించుకున్నారు. గాలిపడవ ఊగుతాంటే రెండుపక్కలా ఎర్రగోడలు, ఆకాశం దాకా పొరలు పొరలు... నోరు ఊరుకుంటుందా? "ఇన్ని బండలు చీలిస్తే ఎన్నిండ్లకు పరచచ్చప్పా!" అనేసినా. అందరూ నవ్విరి, పరీక్ష పెట్టే సారు గూడా. పాపకు తలవంపులు తెచ్చినానే అని తువాలు నోటికి అడ్డం పెట్టుకున్నా.

అది నవ్వుతా, "మా నాయన నాపరాయి గనిలో బండలు చీల్చినోడు. సుత్తితో తట్టి, చప్పుడు విని, పొర యాడ విడిపోతుందో కనుక్కోవడం నాకు నేర్పింది ఈయనే. కానీ నాయనా, ఇది నాపరాయి కాదు, సముద్రం కింద ఇసుక గట్టిపడి అయిన రాయి" అని నా చెయ్యి గోడకు ఆనించింది. ఇసుక మీద నీళ్లు గీసిన గీతలు అట్లే రాయిలో నిలిచిపోయినాయి. కోట్ల ఏండ్ల కిందటి అలలు, నా అరచేతి కింద! సారు రాసుకోవడం ఆపి తనూ తడిమి చూసినాడు. దిగేటప్పుడు "రేపట్నుంచి వచ్చెయ్యమ్మా" అన్నాడు.

రాస్తాంటే మంచం ఇంకా పడవ మాదిరి ఊగుతాండాది. వానలకు నీళ్లు పెరిగితే పాప ఎట్ల చేస్తుందో ఏమో...

పొద్దున్నే చెప్పాల్సినోళ్లు: బద్వేలు చెల్లెలు, కోయిలకుంట్ల బావ, కర్నూల్లో మేనత్త. "ఆడపిల్లకు రాళ్ల చదువేందిరా" అని మూడేండ్లుగా నాతో మాట్లాడని మా అన్న. ఆయనకు ఫోన్లో కాదు, ఇంటికి పోయి చెప్తా.