ఎర్రదీపం వెలుగుతుండగా

అక్కా,

"నన్నక్కడ ఎవరు గుర్తుపెట్టుకుంటారులే, నేను రాను" అని ఫోన్ పెట్టేశావు కదా! దానికి శిక్షగా ఈ ఉత్తరం చివరిదాకా చదవాల్సిందే.

నిన్న మన రేడియో స్టేషన్ పాతవాళ్ళమంతా ఆ పాత స్టూడియోలోనే కలిశాం. డైరెక్టర్‌గారికి జుట్టు పోయింది కానీ గొంతు పోలేదు. టీ కప్పు పట్టుకుని మొదలుపెట్టారు: "పిల్లల కార్యక్రమం ఆలోచన నాదేనయ్యా! ఆ పిట్టకథలన్నీ నేనే దగ్గరుండి..."

నువ్వు చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని రాసిన కథలు! నాకు ఒళ్ళు మండింది. మెల్లగా కంట్రోల్ రూమ్‌లోకి జారుకుని ఎర్రదీపం వేశాను. అది వెలిగిందంటే మైకు ముందున్నవాళ్ళు తప్ప ఎవరూ కిక్కురుమనకూడదు, నీకు తెలుసుగా. ఆయన మాట సగంలోనే మింగేశారు. బిస్కెట్లు నములుతున్నవాళ్ళు నమలడం కూడా ఆపేశారు. ఎన్నేళ్ళ అలవాటు!

నేను దర్జాగా వచ్చి మైకు ముందు కూర్చున్నాను. "పిల్లల కార్యక్రమంలో ప్రతి కథా రాసింది, ప్రతి పిట్టకూ గొంతిచ్చింది మా అక్క. ఇవాళ ఇక్కడికి రాని మా అక్క. ఇంతటితో ప్రకటన సమాప్తం" అన్నాను.

దీపం వెలుగుతుంటే చప్పట్లు కొట్టకూడదు కదా! అందుకని గదిలో ఉన్నవాళ్ళంతా నీకోసం రెండు చేతులూ పైకెత్తి ఊపారు. చప్పుడు లేకుండా, చాలాసేపు. నాకు కళ్ళు చెమర్చాయంటే నమ్ము.

డైరెక్టర్‌గారు కూడా ఒక చెయ్యి ఎత్తారు. నిన్ను మెచ్చుకోవడానికో, మాట్లాడనివ్వమని అడగడానికో తెలియదు. నేను కనుక్కోలేదు. దీపం ఆర్పకుండానే అందరినీ భోజనాలకు తీసుకుపోయాను.

నీ కంట్రోల్ రూమ్ చెల్లి