తెర మీది గడిని నమ్మకు

అక్కా,

గది ఊడ్చడానికి వచ్చిన ఆయమ్మ చెత్తబుట్టలో దాచి ఈ ఉత్తరం తెస్తోంది. కంప్యూటర్ల గదిలోకి ఫోన్ తేనివ్వరు. మేనేజరు నన్ను గడప దాటనివ్వడం లేదు.

మీ వార్డు కంప్యూటర్లో "పడని మందు" అనే గడిని నమ్మకు. ఒక ముసలాయనకు పడని మందంటూ లేదని పరీక్షలో తేలిందట, ఆయన గడి మార్చమన్నారు. డేటాబేస్‌లో మార్చడానికి అప్‌డేట్ అని కొట్టి, ఎవరిది మార్చాలో చివర వేర్ అని చెప్పాలి. నేను ఆ చివరి ముక్క మరిచిపోయి ఎంటర్ నొక్కాను. ఆసుపత్రిలో ఉన్న రోగులందరికీ "ఏదీ లేదు" అని పడిపోయింది.

నేర్చుకోవడానికి డేటాబేస్ నకలు ఒకటి ఇవ్వండి సార్ అని చేరినప్పటి నుంచీ మేనేజరు దగ్గర మొత్తుకున్నాను. "వీడియోలు చూసి నేర్చుకున్న మొనగాడివి కదరా! ఇదేమన్నా బ్రహ్మవిద్యా? అసలు దాంట్లోనే కానివ్వు" అన్నాడు. ఇప్పుడేమో, "నిన్నటి డేటా మళ్ళీ ఎక్కించేదాకా నోరు మూసుకో. పెద్ద డాక్టరు చెవిన పడితే ఇద్దరం రోడ్డున పడతాం" అంటున్నాడు. వాడి ఉద్యోగం మట్టిగొట్టుకుపోనీ, నాదీ పోనీ.

సూది వేసే ముందు ప్రతి మనిషినీ నోటితో అడుగు. స్పృహ లేనివాళ్ళుంటే ఇంటివాళ్ళను పిలిచి అడుగు. మిగతా వార్డులకూ నువ్వే పరిగెత్తి చెప్పు. ఎవరు చేశారంటే నన్నే చూపించు.

పొద్దుటి సూదుల వేళ మొదలైపోయింది. ఈపాటికి ఎవరికైనా వేసేశారా? ఆయమ్మతో ఆ ఒక్క మాట చెప్పి పంపు. నా భయం తీర్చడానికి మాత్రం అబద్ధం చెప్పకు.

నీ తమ్ముడు