బ్యాటర్ కావాలని అడిగింది నేనే

జూలై 8

మావాళ్లు మళ్లీ ఒక్క పరుగుతో ఓడారు. డెట్రాయిట్ గెలిచింది. బేస్‌బాల్ పట్టికలో నిన్నటిదాకా మా క్లీవ్‌లాండ్ ఒక ఆట ముందుంది, ఇవాళ్టితో ఇద్దరూ సమానం. ఇంకా డెబ్బై నాలుగు ఆటలున్నాయి. అంతవరకూ నా గుండె తట్టుకునేట్టు లేదు.

మా పిచర్లు, బంతి విసిరేవాళ్లు, బంగారం. కొట్టే నాథుడే లేడు. మూడు బేసుల మీదా మనుషుల్ని నిలబెట్టి, దిక్కులు చూస్తూ వెనక్కొస్తారు దరిద్రులు. నాకు అరవై రెండేళ్లు. ఆ బ్యాటేదో నాకివ్వండి!

జూలై 11

మా ఇంట్లో ఉండే పిచర్ అమౌరి ఇవాళ రెండు ఇన్నింగ్స్ బంతులు వేశాడు. ఒక్కడూ తాకలేకపోయాడు. క్లీవ్‌లాండ్ నుంచి ఎవరో వచ్చి అతని వేగం కొలుచుకుని వెళ్లారట.

వీడు నా ఇంట్లో ఏడో కుర్రాడు. ఇక్కడ ఆక్రన్‌లో, క్లీవ్‌లాండ్ వాళ్ల చిన్న జట్టుకిచ్చే జీతంతో అద్దె కట్టలేరు, అందుకే మాలాంటి వాళ్లం తలా ఒకరికి గది ఇస్తాం. ఏప్రిల్‌లో వస్తారు, సెప్టెంబర్‌లో పోతారు. మనసు పెట్టుకోకూడదని ఏటా అనుకుంటాను. ఈ డొమినికన్ వెధవ నేను చేసిన క్యాబేజీ చుట్టల మీద సీసాడు మిరప సాసు పోసుకుని, అచ్చం వాళ్లమ్మ వంటలా ఉందంటాడు. అబద్ధాలకోరు.

పెద్ద జట్టులోకి పిలుపొస్తే టికెట్ నేనిస్తాను దోన్యా, పాప్‌కార్న్ మాత్రం మీరే కొనుక్కోండి అన్నాడు. దోన్యా అంటే వాళ్ల భాషలో అమ్మగారూ అని. క్లీవ్‌లాండ్ చొక్కాలో వీణ్ణి ఒక్కసారి చూస్తే చాలు నాకు.

జూలై 19

వరసగా నాలుగో ఓటమి. ఒళ్లు మండి ఆటల కబుర్లు చెప్పే రేడియో వాళ్లకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు లైన్లో ఉంచారు.

దులిపేశాను. చిన్న జట్టు కుర్రాళ్లని దాచుకుని ఏం చేస్తారు, ఊరగాయ పెట్టుకుంటారా? ఇద్దర్నో ముగ్గుర్నో ఇచ్చేసి ఒక కొట్టేవాణ్ణి తెండి, పిచర్లు పుట్టుకొస్తూనే ఉంటారు అన్నాను. నా పేరడిగి, ఈ వెర్నాని మేనేజర్ని చేసేద్దాం అని ఆ రేడియో అతను పడీపడీ నవ్వాడు. రోజంతా గాల్లో తేలాను.

జూలై 20

జట్టు బస్సులో డ్రైవర్ అదే రేడియో పెట్టాడట. అందరూ విన్నారు.

పొద్దున అమౌరి గుడ్లు తింటూ, ఆ ఇద్దరిలో నేను ఒకటోవాణ్ణా రెండోవాణ్ణా దోన్యా అని అడిగాడు. నవ్వుతూనే. నిన్నెందుకంటానురా, మిగతా వాళ్లని అన్నాను. మిగతా వాళ్లకీ వండిపెట్టే దోన్యాలున్నారుగా అన్నాడు.

సిగ్గుతో చచ్చాను.

జూలై 27

జట్లు ఆటగాళ్లని మార్చుకోవడానికి ముప్పై ఒకటి సాయంత్రం నాలుగు వరకే గడువు. అమౌరి ఫోన్ బోర్లా పెట్టి అన్నం తింటున్నాడు.

అన్నమాట వెనక్కి తీసుకుందామని రేడియోకి మళ్లీ చేశాను. ఈ రోజు ఫుట్‌బాల్ గురించే మాట్లాడాలట.

జూలై 31, మధ్యాహ్నం 3:10

ఫోన్ రాలేదు. వాడు వరండాలో, నేను పొయ్యి దగ్గర. సూప్ మాడింది.

3:42

వచ్చింది.

సాయంత్రం 6

డెట్రాయిట్! ఇంకెవరూ దొరకలేదా వీళ్లకి? వాళ్లకి కొట్టేవాళ్లెక్కువ, పిచర్లు తక్కువ. మాకు సరిగ్గా తలకిందులు. అందుకని అమౌరిని వాళ్లకిచ్చి, పోయినేడు ముప్పై ఆరు హోమ్ రన్లు కొట్టినవాణ్ణి తెచ్చారు. సరిగ్గా నేనడిగినట్టే.

మా మరిది మిలన్ ఫోన్ చేసి గంతులేశాడు. నీ మాట విన్నారే వదినా, ఎవడో ఊరూ పేరూ లేనివాణ్ణి ఇచ్చి ఏనుగుని కొట్టుకొచ్చారే అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

అమౌరి అరగంటలో సామాను సర్దేశాడు. రెండే సంచులు. నన్ను క్షమించరా అన్నాను. ఆ రేడియో వినేది మీరూ, మా డ్రైవరూ తప్ప ఇంకెవరు దోన్యా అని నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. నిజమే, నా మాట ఎవరు వింటారు? నేనేం చేసినా చేయకపోయినా ఇదే జరిగేది. తెలుసు. తెలిసినా లాభం లేదు.

ఆగస్టు 6

కొత్తవాడు రెండు హోమ్ రన్లు కొట్టాడు. మొదటి స్థానం మాదే. అరిచి, చప్పట్లు కొట్టి, ఆ తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఆగస్టు 14

డెట్రాయిట్ వాళ్లు అమౌరిని పెద్ద జట్టులోకి తీసుకున్నారు.

ఆగస్టు 19, ఆదివారం

డెట్రాయిట్‌తో ఆట. పొద్దున లేచేసరికి ఇద్దరం సమానం. తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక్క పరుగు వెనకున్నాం, బేసుల నిండా మావాళ్లే. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోయినట్టే.

కొట్టేది నేను అడిగినవాడు. విసిరేది అమౌరి.

మూడో స్ట్రైక్. మావాడు అవుట్.

నా కాళ్లు నన్నడక్కుండానే లేచాయి. గది మధ్య నిలబడి ఒకటే చప్పట్లు. మేం రెండో స్థానానికి పడిపోయాం.