అంతరిక్షంలో సైరన్

గోదావరిఖని,
ఆగస్టు 1999.

సదయ్య బావకు శనార్తులు.

వచ్చే నెల రిటైరవుతున్నావు కదా, పొద్దుపోవడానికి నేనాడే కంప్యూటర్ ఆట నేర్పమన్నావు. అందులో నువ్వొక అంతరిక్ష నౌకకు కెప్టెన్‌వి. మొదట్లోనే తుపాకుల కోసం ఎగబడకు. కనిపించిన ప్రతి ఒక్కరితో మాట్లాడు, దారి వాళ్లే చెబుతారు. మన గనిలో పని చేయించే ఓవర్‌మన్ లాగా అరిస్తే మాత్రం ఎవరూ చెప్పరు.

అన్నిటికన్నా ముఖ్యం సైరన్. అది మోగితే శత్రువు నౌకలోకి వచ్చాడని అర్థం. నేనైతే మోగిన ప్రతిసారీ తుపాకి కిందపెట్టి, తలుపు తీసుకుని బయటికి నడిచాను. బయట గాలి ఉండదు, అక్కడికక్కడే చచ్చిపోతాం. మీ చెల్లె చూసి, "బయటికెందుకు పోతున్నవయ్యా?" అని అడిగింది.

"షిఫ్టు అయిపోయింది గదా" అన్నాను.

నువ్వు అట్లా చేయకు. రిటైరైన మనిషికి సైరన్‌తో ఏం పని?

ఇంతవరకు రాశానో లేదో, ఊళ్లో రెండో షిఫ్టు సైరన్ మోగింది. బూట్లు తొడుక్కున్నాక గుర్తొచ్చింది, నేను రిటైరై ఏడాదైందని. మీ చెల్లె చూసి నవ్వుతుందేమోనని తలెత్తాను. తను అప్పటికే టిఫిన్ డబ్బా కట్టుకొచ్చి గడప దగ్గర నిలబడి ఉంది.

నీ బావ