నాలుగు ఉయ్యాలలు, ఒక ఆర్మడిల్లో

శాన్ హసింతో,
జులై నెల

అత్తగారికి, అల్లుడు ఫిదెన్సియో రెండు చేతులూ జోడించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. మీ అమ్మాయి నికనోరాకి ఏడో నెల నడుస్తోంది, కులాసాగానే ఉంది. నేను కుట్టే గుర్రపు జీన్లకి బేరాలు పరవాలేదు.

ఇప్పుడు రాసేది మా ఇంటి విషయం కాదు. మీరు మంత్రసాని కాబట్టి అడుగుతున్నాను. మా ఊళ్ళో ఒకావిడ ఉంది, మీరెరగరు. ఆవిడా నెలలతోనే ఉంది. ఆవిడ మొగుడు బుద్ధి గడ్డి తిని, మూడో నెలలో, ఒంటినిండా పెంకు ఉన్న అడవి జంతువు ఆర్మడిల్లోని పట్టి ఆవిడకి కూర వండి పెట్టాడట. పక్కింటి ముసలమ్మ ఇప్పుడు తీరిగ్గా వచ్చి, ఆర్మడిల్లోకి ఎప్పుడూ నాలుగు పిల్లలే పుడతాయి, ఆ కూర తిన్నదానికీ అంతే అని చెప్పి పోయింది. అప్పటినుంచీ ఆ మొగుడికి ముద్ద దిగడం లేదు. పాపం అతని తరఫున అడుగుతున్నాను, ఇది నిజమేనా?

మీ ఆశీస్సుల కోసం కాచుక్కూచున్న
అల్లుడు,
ఫిదెన్సియో

తా.క. ఆవిడ గోడ తడిపి, ఆ మట్టి గోకి తింటోంది. ఆర్మడిల్లో కూడా ఎప్పుడు చూసినా మట్టిలోనే మూతి పెడుతుంది కదా. ఊరికే రాశాను.

లోస్ కపులినెస్,
జులై నెల

అల్లుడుగారికి, అత్త దోమితిలా దీవెనలు.

ఏడో నెల కడుపుతో ఉన్న పెళ్ళాం సంగతి రెండు ముక్కల్లో తేల్చి, అడవి జంతువు సంగతి అంత పొడుగున రాశారు. సరే, అడిగారు కాబట్టి చెప్తాను. ఆర్మడిల్లోకి ఎప్పుడూ నాలుగే. నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, అయితే అన్నీ మగవి, లేకపోతే అన్నీ ఆడవి. మా ఆయన బతికుండగా ఎన్ని కోసి చూశామో. ఇంకో చోద్యం కూడా ఉంది. కడుపు నిలిచాక కూడా అది పిల్లల్ని పెరగనివ్వకుండా నెలల తరబడి అలాగే ఆపుకుంటుంది. వాటికి మంచి కాలం వచ్చేలా చూసుకుని మరీ కంటుంది. మనుషులకి ఆ తెలివి లేదు.

ఆ ఒకావిడ సంగతి ఆవిడ మొగుడు చూసుకుంటాడు. మీరు నికనోరాని చూసుకోండి. నొప్పులు మొదలైతే ఎలెయుతేరియో నడిపే బస్సులో కబురు పెట్టండి. నేనొచ్చేదాకా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకండి.

ఇట్లు,
నికనోరా తల్లి

తా.క. ఎవరో ఒకావిడ వాళ్ళింట్లో గోడ గోక్కు తింటే, మీకెలా తెలిసింది?

శాన్ హసింతో,
ఆగస్టు నెల

అత్తగారికి, అల్లుడు భయభక్తులతో రాసేది.

మీ ఉత్తరం అందింది. నాలుగే అని మీరంతటివారే రాశాక ఇంక అనుమానం ఏముంది. ఆ మొగుడికి చదివి వినిపించాను, మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. తర్వాత తేరుకుని పనిలో పడ్డాడు. తోలు ముక్కలతో నాలుగు ఉయ్యాలలు కుట్టాం, అంటే కుట్టాడు. నలుగురు పిల్లలకీ బాప్తిస్మంలో అండగా నిలబడే జ్ఞానతండ్రుల్ని కూడా మాట్లాడేశాడు. ఒకడినే నలుగురికీ పెడితే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారు కదా.

ఆవిడ మాత్రం పగలంతా నిద్రే. ఆర్మడిల్లో కూడా అంతేనట, లోకం తలకిందులైనా బొరియలోంచి రాదట. ఆవిడ లేచేదాకా నేను మంచం పక్కనించి కదలడం లేదు. పాపం కాళ్ళు వాచాయి, నేనే ఒత్తుతున్నాను.

నికనోరా కులాసాగానే ఉంది.

మీ
అల్లుడు,
ఫిదెన్సియో

తా.క. నిన్న మూకుడు కింద పడితే ఆవిడ కూచున్నచోటు నించి నిట్టనిలువునా ఎగిరింది. బెదిరిన ఆర్మడిల్లో అచ్చం అలాగే ఎగురుతుంది. మూకుళ్ళన్నీ దాచేశాను.

లోస్ కపులినెస్,
సెప్టెంబరు నెల

ఫిదెన్సియోకి,

అల్లుడుగారూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేనేమీ అడగకుండానే, మొన్న ఎలెయుతేరియో బస్సాపి మరీ చెప్పి వెళ్ళాడు. నువ్వు స్వయంగా కోడిపుంజు చంకలో పెట్టుకుని, రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని నలుగురి గుమ్మాలూ ఎక్కావట. దుకాణం అబుందియో, గుడి గంట కొట్టే హెర్మోహెనెస్, పిండిమర నడిపే ట్రాన్సితో అనే ఆవిడ మొగుడు, చివరికి కాలవ నీళ్ళ కోసం నీతో కొట్టుకున్న కసాయి కసిమిరో. జ్ఞానతండ్రిగా ఉండమని కోడిపుంజు పట్టుకెళ్ళి అడిగేది బిడ్డని కన్న తండ్రే. ఇంకొకడి బిడ్డ కోసం ఏ మగాడూ ఆ గుమ్మం ఎక్కడు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ కోడిపుంజుకీ తెలుసు.

నా కూతురి కడుపులో ఉన్నది ఒకటి. మిగతా మూడూ ఎవరి కడుపుల్లో ఉన్నాయి? పగలంతా నువ్వు కాళ్ళు పట్టేది ఎవరికి? వెనక్కి వచ్చే బస్సులో జవాబు రావాలి.

దోమితిలా

తా.క. మా ఆయన పొడుగు కత్తి అటక మీద ఉంది. ఈ పూట దించి తుడిచాను.

శాన్ హసింతో,
అక్టోబరు నెల

అత్తగారికి, పాదాల మీద పడి రాసేది.

మీకు తెలిసిపోయింది. ఇంక దాచి లాభం లేదు. తప్పు నాదే. జరిగింది ఒక్క పూటే అత్తగారూ, మళ్ళీ ఆ ఊసు లేదు. కాఫీ తోటలో ఎదురుపడింది. బెదిరిపోయి నా వంక చూసింది. ముద్దుగా, బొద్దుగా ఉంది. నాకు మనసాగలేదు. ఎత్తుకుని ఇంటికి తెచ్చేశాను. నికనోరా మొదట మొహం తిప్పుకుంది. తర్వాత తనే, తెచ్చావు కదా, ఇంక వెనక్కెందుకు పంపడం అంది. పక్కింటివాళ్ళు కూడా చూసి మనసు పడితే లేదనలేక వాళ్ళకీ కొంచెం పంపాం. ఎండు మిరపకాయలు, అవకాడో ఆకులు వేసి వండాను. నికనోరా గిన్నె నాకేసింది.

నెలలతో ఉన్నదానికి అడవి మాంసం పెట్టొద్దని మీరు పెళ్ళినాడే చెప్పారు. అందుకే 'ఒకావిడ' అని రాశాను. ఆ ఒకావిడ నికనోరాయే. నలుగురూ దాని కడుపులోనే ఉన్నారు.

ఇప్పుడు అసలు భయం రాస్తాను. నెలలు నిండి వారం దాటింది. నికనోరా పొద్దస్తమానం అమ్మని పిలు, అమ్మని పిలు అంటోంది. ఆపుకుంటుందని మీరే రాశారు కదా, మంచి కాలం చూసుకుంటోందేమోనని నేనే తొందరపడడం లేదు. ఇంకా ఎన్ని నెలలు ఆపుకోగలదో రాయండి.

శిక్షకి సిద్ధంగా ఉన్న
ఫిదెన్సియో

తా.క. పొద్దున్నించీ నడుం పట్టుకుని మూలుగుతోంది. ఇదీ ఆపుకోవడంలో భాగమేనా?

లోస్ కపులినెస్,
అదే రోజు

ఒరేయ్ తెలివి తక్కువవాడా,

నీ ఉత్తరం చదువుతూ సగంలో కత్తి అందుకున్నాను. మిరపకాయల దగ్గరికొచ్చేసరికి కింద పెట్టాను. తా.క. చదివి మంత్రసాని సంచి అందుకున్నాను. ఆపుకునేది ఆర్మడిల్లో. నా కూతురు కాదు.

ఈ చీటీ గుర్రం మీద పోయేవాడి చేతికిస్తున్నాను. వెనకే ఎలెయుతేరియోని భోజనం దగ్గర్నించి లేపి నేనూ వస్తున్నాను. నీళ్ళు కాచు. గుడ్డలు ఉడకబెట్టు. అమ్మ వస్తోందని దాని చెవిలో చెప్పు.

దోమితిలా

తా.క. ఉయ్యాలలు అడ్డం తియ్యి. నాకు నిలబడడానికి చోటు కావాలి.

శాన్ హసింతో,
నవంబరు నెల

అత్తగారికి, కొత్తగా తండ్రయినవాడు రాసేది.

మీరు బస్సెక్కి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నికనోరా లేచి తిరుగుతోంది. పాప మీ మూతే, నిద్రలో కూడా నన్ను కోప్పడుతున్నట్టే ఉంటుంది. మీరు ఒక్క గంట ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో అని తలుచుకుని, కుట్టేది ఆపి మాటిమాటికీ ఇద్దర్నీ చూసొస్తున్నాను.

ఇంకో గండం వచ్చి పడింది. మొన్న జ్ఞానతండ్రులు నలుగురూ తలో కొవ్వొత్తి, తలో తెల్ల గౌనూ పట్టుకుని వచ్చారు. పుట్టింది ఒక్కతే. ఆ గౌనులు ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేదు. కసిమిరో అయితే కాలవ గట్టు తనే తవ్వి నీళ్ళు వదిలి, ఏం కొంపాద్రే, కులాసానా అని బిడ్డ తండ్రితో చుట్టరికం కలిపి పలకరిస్తున్నాడు. ఇచ్చిన మాట తప్పితే రేపు ఈ ఊళ్ళో నా మొహం ఎవరు చూస్తారు? బాప్తిస్మం ఆదివారం. దారి మీరే చూపించాలి.

మీ
ఫిదెన్సియో

తా.క. మూడు ఉయ్యాలలు ఖాళీగా ఊగుతున్నాయి. ఇంకా ఎవరైనా మిగిలారేమో అని నికనోరాని అడిగాను. గరిటె విసిరింది. కొంచెం గురి తప్పింది.

లోస్ కపులినెస్,
నవంబరు నెల

నాయనా ఫిదెన్సియో,

ఇందులో గండం ఏముంది. బాప్తిస్మానికి కసిమిరోని నిలబెట్టు, కాలవ తగాదా అంతటితో చచ్చిపోతుంది. మూడేళ్ళు నిండాక గుడికి తీసుకెళ్ళేటప్పుడు హెర్మోహెనెస్, గంట ఎలాగూ వాడి చేతిలోదే. ఆ పైన కాస్త పెద్దయ్యాక గుళ్ళో చేసే దృఢీకరణకి అబుందియో, పెళ్ళికి ట్రాన్సితో మొగుడు. ఆయనకి డెబ్భై నిండాయి, పిల్ల పెళ్ళి చూడాలన్న పట్టుదలతోనైనా బతుకుతాడు. పిండిమర, దుకాణం, కసాయికొట్టు అండగా ఉన్న పిల్ల ఆకలి ఎరగదు. నువ్వు తెలివితక్కువగా చేసిన పనే దానికి ఆస్తి అయింది.

ఆకలి సంగతి నాకు తెలుసు. నికనోరా కడుపులో ఉన్న ఏడాది వానల్లేక మొక్కజొన్న మాడిపోయింది. మా ఆయన అడవికి పోయి ఆర్మడిల్లోలే పట్టుకొచ్చేవాడు. తొమ్మిది నెలలూ నేను తిన్నది అదే. నెలలతో ఉన్నవాళ్ళకి అడవి మాంసం పెట్టొద్దని అందరికీ చెప్పేది అందుకే. దానివల్ల ఏదో అవుతుందని కాదు, ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

నలుగురు పుడతారని నాకూ చెప్పారు. నీలా నేను భయపడలేదు, ఆశపడ్డాను. ఒకరు పోతే ఇంకొకరైనా మిగులుతారు కదా అనుకున్నాను, ఆ కరువులో. నికనోరా పుట్టాక మంత్రసానిని ఇంకోసారి చూడు, ఇంకోసారి చూడు అని బతిమాలాను. ఇంకేం లేదు తల్లీ, ఇదొక్కటే అంది.

ఆ ఒక్కదాన్నే నీ చేతిలో పెట్టాను. ఇంకెప్పుడైనా అది అమ్మని పిలవమంటే, ఉత్తరం రాస్తూ కూచోకు. పిలువు.

మీ ముగ్గురికీ దీవెనలతో,
అత్త
దోమితిలా

తా.క. ఇంతకీ, నాలుగేసి కనేది ఆడదే కదా, నువ్వు పట్టుకొచ్చి వండింది ఆడదా, మగదా? అదైనా చూసుకున్నావా?