మఫ్లర్ మీది అత్తరు

మట్టెవాడ, డిసెంబరు 12

అమ్మీకి సలాం. ఇద్దరం బాగున్నాం. గదిలో తమ్ముడు కాశిఫ్ పక్కనే ఉంటాడు, ఫోన్‌లో చెప్పలేక కార్డు రాస్తున్నాను. చెల్లెలు ఆఫ్రీన్‌తో చదివించుకో.

చలికాలానికని మా దుకాణం సేటు గంధపు చెక్క, లవంగం, దాల్చినచెక్కతో కొత్త అత్తరు కలిపాడు. పొద్దున మాకు చెరో చుక్క ఇచ్చి, రోజంతా ఉంచుకుని సాయంత్రం ఎలా ఉందో చెప్పమన్నాడు. సరిగ్గా చెప్పినవాడికి ఇకమీదట అత్తర్లు కలిపే పని ఇస్తానన్నాడు. ఆ పని కోసం నేను పదకొండేళ్లుగా చూస్తున్నాను. కాశిఫ్ వచ్చి మూడు నెలలే.

నేను మణికట్టుకు రాసుకున్నాను. మూడు నమాజులకు వజూ చేసి చేతులు కడుక్కునేసరికి వాసనంతా పోయింది. అయినా "మస్తుంది సేటు" అన్నాను. కాశిఫ్ మఫ్లర్‌కు రాసుకున్నాడు. "పొద్దుగాల మంచిగుండె సేటు. మాపటికి లవంగం గంధాన్ని మింగింది. జర తగ్గించాలె" అన్నాడు.

సేటు నా వైపు తిరిగి, "పదకొండేండ్ల సంది నీ ముక్కు ఏడ దాచిపెట్టినవ్ లియాఖత్?" అని నవ్వాడు. పని వాడికే ఇచ్చాడు.

మోకాళ్ల మందు అయిపోయిందా? మేక ఈనిందా? శుక్రవారం కాశిఫ్ వస్తాడు, మరీ పొగడకు.

ఆ మఫ్లర్ నువ్వు వాడికి అల్లిందే. నాకూ ఒకటి అల్లు. ఊలు వాడితోనే పంపుతున్నాను. ఎవరికని అడిగితే ఆఫ్రీన్‌కని చెప్పాను. చెల్లెలికి దువా.

నీ పెద్దకొడుకు
లియాఖత్ అలీ